చంటిబిడ్డతో విహారము

వేసవి సెలవులకు తెనాలికి వచ్చు మా చుట్టములు బాపట్లను, రేపల్లెను ఒక్క దినముననే చూడగోరుదురు. చంటిబిడ్డ కలవారికి పూటకొక చోటు చాలునని నేను చెప్పుదును. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక సముద్రతీరము కలదు. అచ్చటికి తెల్లవారగనే పోయి, ఎండ ముదరకమునుపే మరలవలెను. శిశువు దేహము పెద్దలకంటె త్వరగా వేడెక్కును. దాహమని నోరు విప్పి చెప్పలేదు. ఆరు నెలలు నిండని బిడ్డకు వేసవిలోను తల్లిపాలే చాలును. కావున మొదట తల్లికి నీరు, నీడ, కూర్చుండ తావు చూడవలెను. కెరటముల చెంతకు బిడ్డను కొనిపోరాదు. చల్లని యిసుకపై పాదములు మోపించిన చాలును. రేపల్లె చెంత పెనుమూడివద్ద కృష్ణానదిని మరునాటి సాయంకాలము చూడవచ్చును. బాలలారా! విహారమునకు పోవునపుడు చిన్నితమ్మునికో, చెల్లెలికో గొడుగు పట్టు పని మీరే కోరి పుచ్చుకొనుడు. అమ్మకు కొంత విశ్రాంతి దొరకును.