రెండు డబ్బాలు

మా మేడమీద వాటాలో ఉండే పెద్దాయన ఓడలలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయినారు. ఆయన బల్లమీద ఎప్పుడూ రెండు పైపు పొగాకు డబ్బాలుంటాయి. ఒకటి ఇంగ్లీషు మిశ్రమం, రెండవది అమెరికా మిశ్రమం. మొన్న "వాసన చూడవోయ్" అంటూ మూతలు తీశారు. మొదటిది కట్టెలపొయ్యి వాసన. రెండవది వెనిల్లా మిఠాయి వాసన.

ఆకు జాతి ఎంతో, ఆరబెట్టే తీరూ అంతేనట. గుంటూరు సీమలో పండే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడిగాలికి ఆరబెడతారు. అందులో తీపి నిలుస్తుంది. బర్లీ ఆకును నీడన గాలికి ఆరబెడతారు; తీపి పోతుంది గాని, పట్టించిన పాకాన్నల్లా పీల్చుకుంటుంది. అమెరికా మిశ్రమానికి అదే ఆధారం. సైప్రస్ లటాకియాను కట్టెలపొగలో ఉంచుతారు. ఇంగ్లీషు మిశ్రమానికి ఆ పొగవాసనే ప్రాణం.

వింటూంటే మా తాతగారి చుట్ట జ్ఞాపకం వచ్చింది. గోదావరి లంక పొగాకు ఊరినుంచి తెప్పించుకునేవారు. ఆ వాసనంటే చిన్నప్పుడు నాకెంతో ఇష్టం. గొంతు క్యాన్సరు వచ్చి, చివరి ఏడాది ఆయనకు మాట పోయింది. నన్ను పిలవాలంటే చిటికె వేసేవారు. చెప్పదలచింది పలకమీద వ్రాసేవారు.

"ఏది బాగున్నదోయ్?" అన్నారు పెద్దాయన.

"రెండూ బాగున్నాయండీ. ఇక మూతలు పెట్టేయండి" అన్నాను.