వినేవాళ్లుంటే చప్పుడూ సంగీతమే

గ్లాసులో ఓ ఐసు ముక్క వేయండి. గలగలలాడించండి. ఆ చప్పుడు రికార్డు చేసి, దాంతో ఏదైనా బాణీ కట్టండి!

ఎవరైనా మనకిలాంటి పని చెబితే ఏమంటాం? 'ఇంకేం పనిలేదా' అంటాం. కానీ 2012 జనవరి మొదటి వారంలో సరిగ్గా ఈ పనే చెప్పారొకాయన. పేరు మార్క్ వైడెన్‌బామ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే రచయిత. చెప్పింది, ఇళ్లలో కూర్చుని సంగీతంతో ప్రయోగాలు చేసేవాళ్లకి. వాళ్లు నిజంగానే చేశారు. ఇంటర్నెట్‌లో పెట్టి ఒకరిది ఒకరు విన్నారు. మళ్లీ గురువారం ఇంకో పని. ఆ పై గురువారం మరొకటి... అలా పదేళ్లకు పైగా!

ఆ బృందం పేరు 'డిస్క్వైట్ జుంటో'. జుంటో అన్నది పాత పేరే. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితులతో పెట్టుకున్న సంఘం అది. చేతిపనులవాళ్లూ చిరువ్యాపారులూ శుక్రవారం సాయంత్రాలు కలిసి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకునేవారట. ఇక్కడా అంతే. గురువారం పని ఇస్తారు. సోమవారం అర్ధరాత్రిలోగా చేసి పెట్టాలి. బహుమతులుండవు. ర్యాంకులుండవు. ఎలిమినేషన్ రౌండు అసలే ఉండదు.

నేను ఆ గుంపులో చేరింది 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో. బయటికెళ్లి ఎవర్నీ ఇంటర్వ్యూ చేసే వీల్లేదు. ఆఫీసు పనికి వాడే రికార్డరు బ్యాగులో ఊరికే పడి ఉంది. పాత పనుల జాబితాలో మొట్టమొదటిదే పట్టుకున్నాను. ఐసు ముక్క!

రొద అంటే ఏది?

జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు మాకు నేర్పిన పాఠం ఒకటుంది. రికార్డింగులో మనిషి మాటే ముఖ్యం, మిగతాదంతా రొద. ఫ్యాను ఆపించు, కిటికీ వేయించు, టీ కప్పులు పక్కకు పెట్టించు. పదేళ్లకు పైగా అదే చేశాను. ఈ కొత్త పనిలో అంతా తిరగబడింది. మాటలుండవు. ఆ రొదే కావాలి.

పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. ఫోనున్నా చాలు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం నుంచీ ఉచితంగా దొరుకుతోంది. గది గోడలు తిప్పికొట్టే శబ్దాన్ని తగ్గించడానికి కుర్చీల మీద రెండు దుప్పట్లు కప్పి, వాటి మధ్య గ్లాసు పెడితే స్టూడియో తయారు!

మిగిలిందంతా ఓ చిన్న లెక్క. ఏ శబ్దాన్నైనా సగం వేగంతో నడిపిస్తే అది సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. తారస్థాయి షడ్జం మధ్యస్థాయికి వస్తుందన్నమాట. అందులో సగం చేస్తే ఇంకో స్థాయి, ఇంకా సగం చేస్తే మూడోది. ఐసు ముక్క తగిలిన 'టింగ్' ఎనిమిదో వంతు వేగంలో వింటే గుడిగంట మోగినట్టుంటుంది. మోగి, చాలాసేపటికి గానీ ఆగదు.

'ఇది పాటా?' అన్నారు మావారు. 'రాగమేది? తాళమేది? పోనీ, దీనివల్ల ఏమన్నా వస్తుందా?' అన్నారు. మొదటి రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు గానీ, ఆ మాట అడిగించుకున్నది నేనొక్కదాన్నే కాదని మాత్రం తర్వాత తెలిసింది.

అహ్మదాబాద్ నుంచి న్యూయార్క్ దాకా

1948లో పారిస్‌లో పియర్ షఫర్ అనే రేడియో ఇంజినీరు బాటిన్యోల్ స్టేషన్‌కి వెళ్లి రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేశాడు. కూతలు, చక్రాల లయ, ఆవిరి బుసలు ఏరి, ఒకదానికొకటి అతికించి, రేడియోలో ప్రసారం చేశాడు. వాయిద్యం ఒక్కటీ లేని సంగీతం! 1952లో అమెరికాలో జాన్ కేజ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన రాసిన కృతిని 'వాయించడానికి' డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, 4 నిమిషాల 33 సెకన్లపాటు ఒక్క స్వరమూ పలికించలేదు. ఆ సమయంలో చుట్టూ వినిపించేదే సంగీతమని కేజ్ ఉద్దేశం.

ఇదంతా పరదేశీ వ్యవహారం అనుకుంటున్నారా? ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రం సారాభాయ్ సోదరి గీతా సారాభాయ్ 1946లో న్యూయార్క్ వెళ్లారు. కేజ్ ఆమెకు పాశ్చాత్య సంగీతం నేర్పారు. బదులుగా ఆమె ఆయనకు భారతీయ సంగీతం నేర్పారు. ఆ పరిచయం అక్కడితో ఆగలేదు. 1969లో అదే డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, ఎస్.సి.శర్మ, ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు అక్కడ చేసిన ప్రయోగాలు టేపులకెక్కాయి.

ఆ తర్వాత? దశాబ్దాలపాటు ఆ టేపులను పట్టించుకున్నవాళ్లు లేరు. బ్రిటిష్ సంగీతకారుడు పాల్ పుర్గస్ వెలికి తీశాకే వాటి సంగతి లోకానికి తెలిసింది. 2023లో ఆల్బంగా వచ్చాయి. యాభై ఏళ్ల తర్వాత! చేసినవాళ్లలో లోపమేం లేదు. లేనిదల్లా వినేవాళ్లు.

నేను చెప్పాలనుకుంటున్నదీ అదే. ఇంట్లో కూర్చుని వింత చప్పుళ్లు చేసుకునేవాళ్లకి కావలసింది చప్పట్లు కాదు, పూర్తిగా వినే మనిషి ఒకరు.

పేరు చెక్కిన గ్లాసు

నా ఐసు ముక్క సంగీతం నిడివి మూడు నిమిషాలు. పెట్టిన మర్నాడు ఫిన్లాండు నుంచి ఒకాయన అడిగారు: 'ఆ గంట ఏమిటి? మా ఐసు ఇలా మోగదే!'

అప్పుడు తట్టింది. వాళ్లందరివీ గాజు గ్లాసులు. నాది స్టీలు గ్లాసు. మా ఇళ్లలో మంచినీళ్లు తాగేది వీటితోనేననీ, పెళ్లిళ్లకు పేర్లు చెక్కించి ఇస్తారనీ, ఈ గ్లాసు మీద మా మేనత్త పేరూ పెళ్లి తేదీ కూడా ఉన్నాయనీ రాశాను. ఆయన ఊరుకోలేదు. 'పేరు చెక్కితే మోగే తీరు మారుతుందా?' అన్నారు. ఆ సాయంత్రం అమ్మ గ్లాసుల బుట్ట ముందేసుకుని, పేరున్నవీ లేనివీ ఒక్కొక్కటే మోగించి చూశాం. పేరు వల్ల తేడా తెలియలేదు గానీ, మందం వల్ల బాగా తెలిసింది. 'పాతకాలం సరుకు అందుకే బరువుండేది' అని తేల్చేసింది అమ్మ. ఆ మాటా ఫిన్లాండుకి వెళ్లింది.

పొగడ్తలే ఉంటాయనుకోకండి. 'నిమిషంన్నర దగ్గర ఆపేసి ఉంటే బాగుండేది' అని ఒకరు రాశారు. నిజమే అనిపించింది. 'బాగుంది', 'సూపర్' అనే మాటలు అక్కడ తక్కువ. 'రెండో నిమిషంలో దూరంగా ఏదో పక్షి పలికింది, కావాలనే ఉంచారా?' అనే రకమే ఎక్కువ. నేను చేసినది నాకంటే శ్రద్ధగా విన్నవాళ్లు ఉన్నారంటే, మళ్లీ గురువారం కోసం ఎదురు చూడనా?

నాన్న చెవితో...

ఆ అలవాటు మా ఇంట్లో ఇంకో పనికొచ్చింది. నాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక అమ్మా నాన్నా మా దగ్గరే ఉంటున్నారు. కొన్నేళ్లుగా నాన్న మాట తగ్గించేశారు. పిలిస్తే పలుకుతారు. అడిగినదానికి మాత్రం వేరే జవాబు చెబుతారు. నలుగురు చేరితే లేచి గదిలోకి వెళ్లిపోతారు. వయసొచ్చింది, చాదస్తం అనుకున్నారు చుట్టాలు.

ఓ రోజు డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించాం. కాగితం మీద ఓ గీత గీసిచ్చారు. ఎడమవైపు 250 హెర్ట్జ్, కుడివైపు 8000 హెర్ట్జ్. ఎడమవైపు గీత బాగానే ఉంది. కుడివైపుకు వెళ్లేకొద్దీ కొండ దిగినట్టు జారిపోయింది. ఆ గీత నేను రోజూ చూసేదే! శబ్దంలో పదును తగ్గించాలంటే సాఫ్ట్‌వేరులో గీసేది అచ్చం అలాంటి గీతనే.

వయసుతోపాటు ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. లోపలి చెవిలో వాటిని పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి. మన మాటలో అచ్చులు లావుగా, కింది స్థాయిలో ఉంటాయి. స, ష, చ లాంటి హల్లుల బలమంతా పైస్థాయిలోనే. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 3400 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పంపేవి కావు. 'స' అంటే 'ఫ'లా వినిపించేది అందుకే.

ఆ వారం నాకు నేనే ఓ పని పెట్టుకున్నాను. మా ఇంట్లో ఓ ఉదయం చప్పుళ్లన్నీ రికార్డు చేసి, నాన్న గీత ప్రకారం తగ్గించాను. ఫ్యాను ఉంది. మిక్సీ ఉంది. వీధిలో లారీ ఉంది. పోపులో ఆవాల చిటపట పోయింది. కుక్కర్ కూత మసకబారింది. మా పాప కాలి పట్టీలు అసలు లేవు. 'తాతయ్యా' అన్న పిలుపు మాత్రం, గోడ అవతలి నుంచి ఎవరో మూలిగినట్టు వినిపించింది.

నాలుగు నిమిషాల ఆ రికార్డును బృందంలో పెట్టాను. 'మా అమ్మ కూడా ఇంతే' అని వేర్వేరు దేశాల నుంచి రాశారు. వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్న ఒకావిడ ఇంకా వివరంగా చెప్పారు. 'మీరు చేసింది సగమే. అసలు ఇబ్బంది ఇంకా ఎక్కువ. రొదలోంచి మాటను విడదీసుకోవడం వాళ్లకి చాలా కష్టం. అలాగని అరిస్తే చెవిలో గుచ్చినట్టుంటుంది. ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా, కాస్త నిదానంగా మాట్లాడండి. ముందు మిక్సీ ఆపండి' అన్నారు.

నాన్నకి ఇయర్‌ఫోన్లు పెట్టి, మార్చని రికార్డునే పైస్థాయి బాగా పెంచి వినిపించాను. పూర్తయ్యేదాకా కదల్లేదు. మళ్లీ పెట్టమన్నారు. రెండోసారి విన్నాక అన్నారు: 'నువ్వు పది మాటలంటే నాకు నాలుగు వినిపిస్తాయమ్మా. మిగతా ఆరూ నేనే లెక్క కడతాను. పొద్దుట్నుంచీ కట్టీ కట్టీ సాయంత్రానికి అలసట వస్తుంది. అందుకే గదిలోకి వెళ్తాను.'

ఎవరు అడిగినా ఆ మాట అంతకుముందు చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఓ రూలుంది. నాన్నతో ఏదైనా చెప్పాలంటే ముందు 'నాన్నా' అని పిలిచి, ఆయన చూశాకే మొదలెట్టాలి. పాప అయితే ఏకంగా తాతయ్య ఒళ్లో ఎక్కి కూర్చుని ముఖం తిప్పుకుని మరీ చెబుతుంది. హియరింగ్ ఎయిడ్ ఆర్నెల్లు డబ్బాలోనే ఉంది, ఇప్పుడు పూటకి రెండు గంటలు చెవికెక్కుతోంది. అమ్మ సీరియల్ మొదలవగానే తీసేస్తారనుకోండి, అది వేరే సంగతి!

మావారు మళ్లీ అడిగారు, దీనివల్ల ఏమొస్తుందని. డబ్బు రాదు. పేరూ రాదు. నేను చేసిన వాటిల్లో అన్నిటికంటే ఎక్కువమంది విన్నదాన్ని కూడా మీలో ఎవరూ విని ఉండరు. కానీ అది విన్నవాళ్లలో ఒక్కరు చెప్పిన మాటతో మా ఇంట్లో మాట్లాడే పద్ధతి మారింది.

మీకూ చేయాలనుందా? ఈ ఆదివారం మీ ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఎంచుకోండి. కుట్టుమిషనైనా, గడప దగ్గర చీపురైనా, మీ అమ్మగారు బియ్యం చెరిగే చాటైనా సరే. ఒక్క నిమిషం రికార్డు చేయండి. దాన్ని ఊరందరికీ ఫార్వర్డ్ చేయకండి. నిమిషం పాటు ఇంకో పని పెట్టుకోకుండా వింటారనుకున్న ఒక్కరికి పంపి, ఏం వినిపించిందో అడగండి. వాళ్లు కూడా ఒకటి పంపితే, మీరూ అలాగే వినండి.