మాత్ర మానే ముందు

మందు మొదలుపెట్టమంటే మనకు సవాలక్ష సందేహాలు. పరగడుపునా, తిన్నాకా? పథ్యం ఉందా? అదే డాక్టరుగారు "ఇంక ఆపేయండి" అంటే, తలూపి వచ్చేస్తాం. ఖర్చు తప్పిందన్న సంబరం కూడానూ!

కానీ కొన్ని మందులతో ఒంటికి చుట్టరికం కలుస్తుంది. కీళ్లవాతానికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడితే, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి, వంటమనిషి వచ్చాక మనం వంటింటి దారి మరిచినట్టు. మాత్ర ఉన్నట్టుండి ఆపితే అవి వెంటనే మేలుకోవు. నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం. ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. ఫిట్స్ మందులూ, చాలాకాలం వాడిన నిద్రమాత్రలూ అంతే. మెట్టు మెట్టుగా దిగాలి. ఒంటికి పడక, వెంటనే ఆపాల్సినవీ ఉంటాయనుకోండి. ఆ తేడా చెప్పాల్సింది డాక్టరు, అడగాల్సింది మనం.

"ఎందుకు ఆపాలి? ఒక్కసారేనా, తగ్గించుకుంటూనా? బదులు ఏం వాడాలి?" ఇలా అడగడం ఎదురుచెప్పడం కాదు, మన హక్కు. చేపట్టిన రోగిని తగినంత ముందుగా చెప్పకుండా వైద్యుడు వదిలేయరాదని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లు కాగితాలడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ అందులోనే ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

చీర కొనేటప్పుడు "రంగు పోదు కదా?" అని పదిసార్లు అడుగుతామే, ప్రాణం దగ్గర ఒక్కసారైనా అడగొద్దూ?