పరాయి కణము

మా పినతండ్రి కుమారుడు రేపల్లెలో వ్యవసాయము చేయుచున్నాడు. మొన్న మాఘమాసమున ఒకనాడు ఉదయపు రైలులో తెనాలి వచ్చి, మడిచిన పత్రికముక్క యొకటి మా చేతిలో బెట్టెను. "అన్నయ్యా, క్లోమములోని కణములు నాటి మధుమేహము కుదుర్చుచున్నారట. ఎకరము పొలము అమ్మివేసెదను. పెండ్లిలోపల అమ్మాయికి చేయించవలెను" అనెను.

ఆ పిల్లకు 11వ యేట ఈ వ్యాధి వచ్చినది. ఇప్పుడు 22 ఏండ్లు. దినమునకు నాలుగుమారులు ఇన్సులిను పొడుచుకొనును. ఆ మందును ఫ్రిజ్జిలో కూరల సంచి మాటున దాచుదురు. చుట్టములలో మాకు దక్క నెవ్వరికిని తెలియదు. ఇంతలో బాపట్లనుండి సంబంధము వచ్చినది.

పత్రికలోని వార్త అబద్ధము కాదు. క్లోమములో దీవులవలె నక్కడక్కడ నుండు కణసమూహములను 1869లో లాంగర్‌హాన్సు అను జర్మను వైద్యవిద్యార్థి కనుగొనెను. ఇన్సులిను నిచ్చునవి యవియే. మృతులైన దాతలనుండి వానిని వేరుచేసి, కాలేయమునకు బోవు సిరలో నెక్కించి, కెనడాలోని ఎడ్మంటను వైద్యులు 2000లో ఏడుగురిని సూదినుండి విడిపించిరి. అయితే అయిదేండ్లు గడచునప్పటికి అచ్చట ఆ చికిత్స పొందినవారిలో ఇంచుమించు పదింట నొకరు మాత్రమే సూది లేక నిలిచిరి. దేహమునకు పరాయి కణము గిట్టదు. ఆ పగను అణచుటకు నాటిన కణము లున్నన్నాళ్లును మందులు మింగవలెను. అవి యితర రోగములకు తలుపు తీయును, కొన్ని మూత్రపిండములనే చెరచును.

"అదేమి? బంగినపల్లి కొమ్మను నాటుమామిడికి కట్టినచో అంటుకొనుట లేదా?" అనెను మావాడు. రైతు అడుగవలసిన ప్రశ్నయే. మన కణములపై ఎవరి ముద్ర వారికి గలదు. ముద్ర మారినదానిని వెదకి చంపు కావలికణములు మన నెత్తుటిలో తిరుగుచుండును. చెట్టులో నట్టివి తిరుగవు. అయినను చింతకు మామిడి అంటునా?

మరునాడు మేమును రేపల్లె పోయితిమి. మరదలు అంతయు విని, "పరాయిదైన గదా గిట్టనిది? నాది కోసి పెట్టుమనుడు, బావగారూ" అనెను. మాకు నోట మాట రాలేదు. తల్లి ముద్రలో సగమే బిడ్డకు వచ్చును. తోబుట్టువులలో నలుగురి కొకరికి మాత్రమే పూర్తిగా కలియు నవకాశము. (కులగోత్రములు చూడక కదలని మనకు వింతగా దోచవచ్చును గాని, ఆ ముద్రకు కులము తెలియదు.) పోనీ, కవలలైనచో? అమెరికాలోని మిన్నెసోటాలో ఒకే పిండమునుండి పుట్టిన కవలల మధ్య క్లోమభాగమును మార్చి చూచిరి. పరాయిదను పగ లేకపోయినను పాతవ్యాధియే తిరిగివచ్చి ఆ కొత్త దీవులను తినివేసెను. తన కణములనే శత్రువులని చంపుకొన్న దేహ మది!

మావాడు పంది మాట యెత్తెను. పంది ఇన్సులినునకును మన దానికిని 51 అమైనో ఆమ్లములలో ఒక్కటే భేదము. దశాబ్దములపాటు ఎందరో దానితో బ్రతికిరి. రసము నొప్పుకొన్న దేహము కణము నొప్పుకొనదు. పంది కణములపై నుండు ఒక చక్కెర గుర్తునకు విరోధులు మన నెత్తుటిలో ముందే సిద్ధముగా నుండును. 1893లో బ్రిస్టలులో గొఱ్ఱె క్లోమపు ముక్కలను 15 ఏండ్ల బాలుని చర్మము క్రింద నాటిరి. మూడు దినములకే అతడు చనిపోయెను. నేడు జన్యువులు మార్చిన మానవకణములు, అణచుమందులు లేకయే ఒక రోగి కండరములో బ్రతికియున్నవని 2025లో స్వీడనునుండి వార్త వచ్చినది. మోతాదు చిన్నది, అతనికి సూది తప్పలేదు.

"అయితే పొలము అమ్మవద్దందురా?"

"వద్దు. బాపట్లవారికి చెప్పితిరా?"

ఎవ్వరును మాటాడలేదు. మాకును కోపము వచ్చినది గాని, ఆ పదకొండేండ్ల దాపరికములో మేమును పాలివారమే. పండుగకు వచ్చినప్పుడెల్ల పిల్ల భోజనమునకు ముందు గదిలోనికి పోయి తలుపు వేసికొనుట చూచియు చూడనట్లు కూర్చుంటిమి. దాని వ్యాధికి మందున్నది. మే మిచ్చిన సిగ్గునకే లేదు.

గుమ్మములో నిలిచియున్న పిల్ల "పెదనాన్నా, నేనే చెప్పెదను" అనెను.

ఆదివారమున నలుగురమును బాపట్ల పోయితిమి. విస్తళ్లు వేయుచుండగా అది సంచి తెరచి, అందరి యెదుటను సూది వేసికొని, రోగము పేరు, వచ్చిన యేడు, చేయు జాగ్రత్తలు చెప్పెను. పెండ్లికొడుకు తండ్రి గోడవైపు చూచుచుండెను. ముసలమ్మ యొకతె దగ్గరకు జరిగి, "నొప్పి పుట్టునా, తల్లీ?" అని యడిగెను.

"మొదట పుట్టెడిది, మామ్మగారూ."

వారినుండి ఇంకను కబురు రాలేదు. మావాడు అమ్మదలచిన యెకరములో మినుము కోతకు వచ్చినది.