ముందు చదువు, పిదప వ్రాత

చదువుట, వ్రాయుట అను రెండింటిలో ఏది ముందు, ఏది వెనుక అని ఎవరైనా అడిగితే తెలుగు బోధకులమైన మేము తడుముకోకుండా జవాబు చెప్పగలమని నమ్మి ఉండేవాళ్లం. తరగతి గదిలో ఆ మాట ఎన్నోసార్లు చెప్పాము కూడా. కాని చెప్పిన పాఠాన్ని మేమే నేర్చుకోవలసిన దినం ఒకటి వచ్చింది. ఆ పాఠం ఏ ప్రబంధంలోనూ దొరకలేదు. చిటికెన వ్రేలి గోరంత కిటికీ ఉన్న ఒక చిన్న చిప్పులో దొరికింది. మా పొరపాటును దాచిపెట్టడం కంటే చెప్పుకోవడమే విద్యార్థులకు మేలు చేస్తుందన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెన్న ఒడ్డున ఉన్న రొద్దంలో మా మేనమామకు ఒక చిన్న మరమ్మతు దుకాణం ఉంది. మేము ఆయనను ‘మామూ’ అని పిలుస్తాము. ఆయన ఏడవ తరగతి దాకా ఉర్దూలో చదివి, ఆ పైన చదువు మాని సోల్డరింగ్ ఇనుము పట్టినారు. మొదట రేడియోలు, తరువాత టేపు రికార్డర్లు, టీవీలు, ఇప్పుడు మిక్సీలు, సెల్‌ఫోను చార్జర్లు. కాలం మారినకొద్దీ బల్ల మీది వస్తువులు మారినవి కాని బల్ల మారలేదు. 2019 వేసవి సెలవులలో మేము ఊరికి వెళ్లేసరికి దుకాణంలో సగభాగాన్ని ఆక్రమించి, నాలుగు కాళ్ల మీద నిలిచి, వీపున అద్దాల పెట్టె మోస్తున్న ఒక యంత్రం కనిపించింది. బెంగుళూరులో మూతబడిన ఒక క్లబ్బు నుండి పాత సామానుగా కొన్నారట. 1980ల మొదట్లో అమెరికాలో తయారైన పిన్‌బాల్ యంత్రమది.

పిన్‌బాల్ అంటే తెలియని వారికి ఒక మాట. మన తిరునాళ్లలో, ఉరుసులలో మేకులు కొట్టిన ఏటవాలు పలక మీద గోలీలు దొర్లించే ఆట చాలామంది చూసి ఉంటారు. దానికి విద్యుత్తు తోడైన పెద్దన్న ఈ పిన్‌బాల్. ఏటవాలు బల్ల మీద ఉక్కు గుండు దొర్లుతుంది. అది జారిపోకుండా ఆటగాడు మీటలు నొక్కి రెండు రెక్కలతో పైకి కొట్టాలి. 1947లో ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రంతో ఈ రెక్కలు ఆటలో చేరినవి. అంతకుముందు ఆట చాలవరకు అదృష్టానిదే. అందువల్లనే న్యూయార్క్ నగరం 1940లలో దీనిని జూదమని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే రచయిత నగర సభ్యుల ఎదుట ఆడి చూపి, ఇందులో నేర్పు ఉన్నదని ఒప్పించిన పిదపనే ఆ నిషేధం తొలగింది. మా ఇంటి పెద్దలు కూడా “ఇది జూదం కాదు గదా?” అని అడిగినప్పుడు మేము ఈ వృత్తాంతమే వినిపించాము. “పందెం లేదు, బహుమానం లేదు. పెనుకొండ బాబయ్య ఉరుసులో పిల్లలు ఆడుకుంటారు, అంతే” అని మామూ ముగించినారు. ఆయన కోరిక అదే. ఉరుసుకు ఆ యంత్రం నడవాలి.

కాని యంత్రం నడవలేదు. మామూ రబ్బరు చుట్లు మార్చినారు. తీగచుట్లు పరీక్షించినారు. బోర్డు మీది బ్యాటరీ కారి పచ్చగా తిన్నచోట్ల వెనిగరుతో కడిగి, తెగిన దారులను సన్నని తీగలతో అతికినారు. 5 వోల్టుల విద్యుత్తు సరిగా అందుతున్నదని మీటరుతో చూసినారు. దీపాలు వెలిగినవి, ఆట మాత్రం మొదలుకాలేదు. ఆ యంత్రాన్ని కట్టినవారు ఒక చక్కని ఏర్పాటు చేశారు. స్విచ్చి వేయగానే బోర్డు తనను తానే పరీక్షించుకుంటుంది. ఒక్కొక్క భాగం సరిగా ఉన్నట్లు తేలినప్పుడల్లా ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటుంది. మొత్తం ఏడు మిణుకులు రావాలి. ఇంగ్లీషు మాన్యువల్ చదివి చెప్పడం మా వంతు. శాశ్వత జ్ఞాపకపు చిప్పులు సరిగా ఉంటేనే మొదటి మిణుకు వస్తుందని అందులో ఉంది. మా యంత్రంలో ఆ మొదటి మిణుకే లేదు.

బోర్డు మీద అటువంటి చిప్పులు రెండు ఉన్నవి. ఆట నియమాలు, లెక్కలు, ఏ దీపం ఎప్పుడు వెలగాలన్న ఆజ్ఞలు అన్నీ వాటిలోనే ఉంటాయి. వీటిని ఈప్రామ్ అంటారు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టినారు. ఇవి ఎట్లా పనిచేస్తాయో ధర్మవరం మగ్గం చూసినవారికి చెప్పడం సులభం. జాకార్డు మగ్గం పైన దండగా వేలాడే అట్టలను తలచుకోండి. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరి కొక్కెం లేస్తుంది, పడుగు దారం పైకి వస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. అట్టకొక వరుస చొప్పున చీర అంచున హంస గాని మామిడిపిందె గాని ఏర్పడుతుంది. చిప్పులోనూ అంతే. మా చిప్పు 2732 రకం. అందులో 4096 వరుసలు, వరుసకు ఎనిమిది గడులు. ప్రతి గడిలో ఒకటి గాని సున్న గాని ఉంటుంది. ఖాళీ చిప్పులో అన్నీ ఒకట్లే. వ్రాయడమంటే కావలసినచోట ఒకటిని సున్న చేయడం. అట్టకు చిల్లు పొడిచినట్లే అది తిరుగులేని పని. ఒక్క గడిని మళ్లీ ఒకటిగా మార్చలేము. చిప్పు నడుమనున్న క్వార్ట్జు కిటికీ గుండా అతినీలలోహిత కాంతి 20 నిమిషాలు పడితే మొత్తం వ్రాత ఒక్కసారిగా చెరిగిపోతుంది. అందుకే కిటికీ మీద కాగితపు చీటీ అతికిస్తారు. చీటీ లేకపోతే నేరుగా పడే ఎండకు సుమారు ఒక వారంలో, గదిలోని ట్యూబులైటుకు సుమారు మూడేండ్లలో వ్రాత చెరగవచ్చు.

అమ్మినవారి పెరటిలో ఆ బోర్డు ఎండలో ఎన్నాళ్లు పడి ఉన్నదో తెలియదు. రెండు చిప్పులలో ఒకదాని చీటీ రాలిపోయి ఉంది. వ్యాధి అక్కడేనని మామూ ఊహించినారు.

మేము బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లి మూడు వస్తువులు తెచ్చాము. చిప్పులు చదివి వ్రాసే పాత పరికరం ఒకటి, చెరిపే దీపపు పెట్టె ఒకటి, అభ్యాసానికి వాడిన చిప్పులు అయిదు. ఈ రకం చిప్పు చదవడానికి 5 వోల్టులు చాలు, వ్రాయడానికి మాత్రం 25 వోల్టులు కావాలి. అప్పట్లో చవకగా దొరికిన కొత్త పరికరాలలో చాలావాటికి అంత శక్తి లేదు కనుక పాతదే వెదకవలసి వచ్చింది.

మొదట చీటీ రాలిన చిప్పును చదివాము. రెండుసార్లు చదివితే రెండు విధాలుగా వచ్చింది. సగం చెరిగిన వ్రాతకు అదే గుర్తు. మామూ ఊహ నిజమైంది. మా ఉత్సాహానికి మేరలేదు. “రెండోదాన్ని కూడా ఇప్పుడే చదివి పెట్టుకో బేటా. మంచిగా ఉన్నప్పుడే నకలు తీసుకోవాలి” అని మామూ అన్నారు. “దానికేమి తొందర మామూ, అది బాగున్నది గదా” అన్నాము. ఆ చిప్పు రకమేమిటో చూద్దామని చీటీ పీకి, అభ్యాసపు చిప్పులున్న పళ్లెంలోనే పెట్టాము. ఇంతలో అసర్ నమాజుకు వేళ అయింది. తిరిగి వచ్చి పళ్లెంలోని చిప్పులన్నింటినీ దీపపు పెట్టెలో వరుసగా పేర్చి మూత వేసి మీట నొక్కాము. ఆ కాంతి కంటికి హాని గనుక మూత తెరవరాదని ఎంతో జాగ్రత్త పడ్డాము. 20 నిమిషాల తరువాత తెరిచి లెక్కించగా అయిదు ఉండవలసినచోట ఆరు ఉన్నవి.

ఆరింటినీ చదివాము. ఆరింటిలోనూ అన్నీ ఒకట్లే. వాటిలో ఏది యంత్రానిదో కూడా చెప్పలేకపోయాము. ఎండ చెరిపింది సగమే, మిగిలినది మేము చెరిపాము. విద్యార్థుల జవాబు పత్రాలలో దీర్ఘం తప్పినా వదలకుండా ఎర్రసిరాతో గీసే మేము, ఒక్కసారి చదివి ఉంచమన్న మాటను పెడచెవిని పెట్టాము. మామూ కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, బల్ల సొరుగులోనుండి బిల్లు పుస్తకం తీసినారు. దాని చివరి పుటలో, యంత్రం వచ్చిననాడే, రెండు చీటీల మీదున్న ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను పెన్సిలుతో ఉన్నది ఉన్నట్లు దించి పెట్టినారు. ఆ అక్షరాల అర్థం ఆయనకు తెలియదు. కాని ఏ వస్తువు విప్పినా ముందు దాని గుర్తులు వ్రాసి పెట్టుకోవడం ఆయనకు నలభై ఏండ్ల అలవాటు.

ఆ పెన్సిలు వ్రాతే మమ్ము కాపాడింది. ఒకే ఆటకు ఒకటి కంటే ఎక్కువ పాఠాలు ఉండవచ్చు. ఒక పాఠపు చిప్పు పక్కన వేరొక పాఠపు చిప్పు పెడితే యంత్రం నడవదు. చీటీ మీది అంకెలుంటేనే సరియైన జత దొరుకుతుంది. ఇటువంటి పాత యంత్రాల వ్రాతలను మరమ్మతు కోసం శ్రద్ధగా భద్రపరచినవారు విదేశాలలో ఉన్నారు. రెండు వారాలు వెదకగా, పరస్పరం పరిచయం లేని ఇద్దరి వద్దనుండి ఆ అంకెల పాఠం మాకు అందింది. రెంటినీ వరుస వరుసగా పోల్చి చూశాము. ఒక్క భేదం లేదు. ఆ రాత్రి మాకు కడపలోని బ్రౌను దొర జ్ఞాపకం వచ్చినాడు. ఒకే తాళపత్ర ప్రతిని నమ్మక, పలు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి శుద్ధప్రతులు వ్రాయించినాడు గదా! ఎం.ఏ.లో ఆ సంగతి పరీక్ష కోసం చదివాము. దాని అవసరం మాత్రం రొద్దంలో తెలిసింది.

ఇక వ్రాత మిగిలింది. అందులోనూ ఒక దెబ్బ తిన్నాము. మొదట తీసుకున్న చిప్పు మీద 2732 తరువాత ‘ఎ’ అనే అక్షరం కూడా ఉంది. దానిని మేము గమనించలేదు. ఆ అక్షరం ఉన్న రకానికి 21 వోల్టులే ఇవ్వాలి. మేము 25 ఇచ్చాము. చిప్పు చచ్చిపోయింది. అక్షరాన్ని నమ్ముకుని బ్రతికే మాకు ఒక అక్షరం విలువ అట్లా తెలిసివచ్చింది.

ఆ తరువాత క్రమం తప్పలేదు. చిప్పు అంచున ఉన్న గంటు ఏ దిక్కున ఉండాలో చూసుకోవడం, చిప్పు నిజంగా ఖాళీగా ఉన్నదా అని పరీక్షించడం, వ్రాయడం, వ్రాసినదాన్ని మళ్లీ చదివి మూలంతో సరిపోల్చడం, కిటికీకి చీటీ అతికి దాని మీద పేరు, తేదీ వేయడం. మదరసాలో ఖురాన్ కంఠస్థం చేసే బాలుడు కొత్త ‘సబక్’ తీసుకునేముందు పాత పాఠాన్ని, అనగా ‘ఆమోఖ్తా’ను, ఉస్తాదుకు అప్పగించవలసి ఉంటుంది. అప్పగించినదే వచ్చినట్లు లెక్క. చిప్పు విషయమూ అంతే. వ్రాశామని మనం అనుకోవడం చాలదు, అది తిరిగి అప్పగించాలి.

రెండు చిప్పులూ బోర్డులో కూర్చోబెట్టి మామూనే స్విచ్చి వేయమన్నాము. ఎర్రదీపం చటుక్కున మెరిసి ఆరింది. తరువాత మొదటి మిణుకు వచ్చింది. “ఏక్” అన్నారు మామూ. దో, తీన్, చార్... “సాత్” అనేసరికి లోపల ఎక్కడో టక్కుమని శబ్దమైంది, అంకెల గళ్లు వెలిగినవి. దుకాణం ముందు గుమిగూడిన పిల్లలు కేక వేసినారు. మామూ మాత్రం మా వైపు తిరిగి, “నకలు ఎక్కడ పెట్టినావు?” అని అడిగినారు.

“మూడు చోట్ల మామూ” అన్నాము.

విద్యార్థులారా, ఈ పని నేర్చుకోవాలన్న కుతూహలం మీలో ఎవరికైనా కలిగితే పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పాత పరికరం ఒకటి, వాడిన చిప్పులు నాలుగు, ఓపిక చాలు. కాని మంచి చిప్పును అభ్యాసపు చిప్పుల పళ్లెంలో పెట్టకండి. చెరిపేముందు చదవండి. చదివినది భద్రపరచండి. మీ ఇండ్లలోనూ నలభై ఏండ్ల పనితనాన్ని తలలోనే దాచుకున్న పెద్దలు ఉండే ఉంటారు. ఆ వ్రాతకు నకలు లేదు. మేమిప్పుడు ప్రతి సెలవులోనూ ఒక నోటుపుస్తకంతో రొద్దం వెళ్లి మామూ బల్ల పక్కన కూర్చుంటున్నాము. ఆయన చెబుతారు, మేము వ్రాస్తాము. వ్రాసినదాన్ని తిరిగి ఆయనకు చదివి వినిపిస్తాము.