మదనపల్లె దొర, తిరుపతి టీచరమ్మ

మీ ఇంట్లో బి.ఎడ్. చేసిన పాపో బాబో ఉంటే ఈ కబురు మీకే. ఈ మధ్య తిరుపతిలో ఎవరింటికి కాఫీకి పోయినా ఇదే మాట. "అన్నా, మా పాపకు ఫారిన్‌లో మిషన్ స్కూల్లో టీచర్ ఉద్యోగం వచ్చింది. పంపేదా, వద్దా?" పాపకు అదే మొదటి ఉద్యోగం. వాళ్లమ్మకు రెండు దిగుళ్లు. అక్కడ ఏం తింటుంది? రోజూ ప్రార్థనలో నిలబెడతారంట కదా?

తిండి సంగతి వదిలేయండి, ఊరగాయ ఎట్లాగూ అందరికన్నా ముందు పెట్టెలోకి ఎక్కుతుంది. ఇదే అవస్థలో సముద్రం దాటి మన దిక్కుకు వచ్చినవాళ్ల కథ చెబుతాను, వినండి.

జేకబ్ ఛాంబర్లెన్ అని ఒక అమెరికా దొర 1860లో మద్రాసులో దిగినాడు. పాదిరీ, పైగా డాక్టరు. ఆర్కాట్ మిషన్ మనిషి. అప్పటికి చిత్తూరు జిల్లా ఎక్కడిది? అది పుట్టిందే 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాట్ జిల్లాకు ముఖ్యపట్టణం. ఈ దొర తమిళం, తెలుగు రెండూ పట్టినాడు. 1863లో మదనపల్లెలో మకాం పెట్టినాడు. ఆయన తెలుగు ఎంత ముదిరిందంటే, తెలుగు బైబిలును సవరించే సంఘానికి ఏళ్ల తరబడి ఆయనే అధ్యక్షుడు. 1908లో పోయింది కూడా మదనపల్లెలోనే.

ఆ కాలంలో చాలా మిషన్లలో కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి పని పాఠం చెప్పడం కాదు, భాష నేర్పే మున్షీ ముందర కూర్చోవడం. పలక మీద అ, ఆలతో మొదలు. నెలల తరబడి అదే పని, ఆ తర్వాత భాషలో పరీక్ష. ఊహించుకోండి, గడ్డం పెంచిన దొర చేత మున్షీ అయ్యవారు "మునిరత్నం, మునెమ్మ, గంగులప్ప" అని పదిమార్లు పలికిస్తుంటే! రేపు బడిలో హాజరు పిలిచేది ఆ దొరే మరి. ఇప్పుడు మన పాపకు అట్లాంటి మున్షీ ఎవరూ లేరు. సోమవారం విమానం దిగితే మంగళవారం క్లాసు. ఇంగ్లీషు వస్తే చాలు అనుకుంటారు. నన్నడిగితే ఈ విషయంలో పాతకాలం వాళ్లే తెలివైనవాళ్లు.

మన తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు వచ్చినారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే నిన్నటిదాకా అయ్యవారుగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా శత్రుదేశం వాళ్లయిపోయినారు. వాళ్ల పని తర్వాత అమెరికా లూథరన్ల చేతికి పోయింది. పరాయి దేశంలో టీచరు బతుకు కాగితం మీదే నడుస్తుందని అందుకే అంటాను.

మనవాళ్లు పోయిన కథా ఉంది. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య అనే బాప్టిస్టు బోధకుడు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, కియర్స్‌నీ తేయాకు తోటలకు పోయినాడు. ఆయనకు ఒక సౌకర్యం ఉండింది. మద్రాసులో ఓడెక్కి కూలి ఒప్పందం మీద పోయిన తెలుగువాళ్లు అక్కడ అప్పటికే ఉన్నారు. ఉత్తర ఆర్కాట్ నుంచి కూడా ఎందరో పోయినారు. దిగగానే తెలుగులో మాట్లాడే జనం! పాపకు అంత అదృష్టం ఉంటుందని నేను చెప్పలేను.

ఇక వాళ్లమ్మ అడిగిన ప్రార్థన సంగతి. అన్ని క్రైస్తవ బడులూ ఒకటి కావు. కొన్ని చోట్ల ఉదయం ప్రార్థనలో మర్యాదగా నిలబడితే చాలు. కొన్ని చోట్ల మాత్రం నేను ఈ విశ్వాసం కలదాన్ని అని సంతకం అడుగుతారు, పాస్టరు గారి ఉత్తరం కూడా అడుగుతారు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే నోరు తెరిచి అడగాలి. మొహమాటపడి పోయి, అక్కడ మనసు చంపుకుని నిలబడటం పాపకూ, బడికీ మంచిది కాదు. ఇక కాగితాల సంగతి. సర్టిఫికెట్లు పరాయి దేశంలో చెల్లడానికి అపోస్టిల్ అనే ముద్ర వేయిస్తే సరిపోతుందా, ఎంబసీ దాకా పోవాలా అన్నది పోయే దేశాన్ని బట్టి ఉంటుంది. మనదేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉంది గానీ, అన్ని దేశాలూ లేవు.

ఇంకొక్కటి. ప్రిన్సిపాలుకు ఇప్పుడే మెయిల్ పెట్టమనండి, క్లాసు పిల్లల పేర్ల పట్టిక పంపమని. ఆ బడిలో పాత టీచరు ఎవరైనా ఉంటే ఆ పేర్లు పలికి వాట్సాప్‌లో పెడతారు. తండివే, సిఫో, ఎట్లాంటి పేరైనా కానీ, మొదటి రోజే తప్పు లేకుండా పిలిస్తే పిల్లలు సగం దారికి వచ్చినట్టే.