వంటింటిలోని తొట్టి

శుభ్రమైన పళ్లెములో నీరు పోసి కర్పూరపు పలుకులు కొన్ని వేసినచో, అవి నీటిమీద గిరగిర తిరుగుచు ఇటునటు పరుగులిడును. నూనె అంటిన పుల్లతో ఆ నీటిని తాకినంతనే వాని ఆట కట్టును. నీటి పైతలము లాగి బిగించిన పొరవలె ఉండును; ఈ బిగువునే తలతన్యత అందురు. కరగుచున్న కర్పూరము తన చుట్టునున్న నీటి బిగువును ఒకచోట ఎక్కువగను, ఒకచోట తక్కువగను సడలించును. బిగువు మిగిలిన వైపునకు పలుకు ఈడ్వబడును. నూనె పరచుకొన్న పిమ్మట ఆ లాగుడు నిలువదు.

ఆ ఆటను ఆపుటకు ఎంత నూనె చాలును? 1890లో ఇంగ్లండునందు లార్డు రేలీ దీనిని లెక్కకట్టెను. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో, అందు రెండు భాగములైనను లేని పలుచని పొర చాలునని తేలెను.

ఆయన ఎరుగని సంగతి ఒకటి గలదు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున ఒక యువతి అప్పటికి దాదాపు పదియేండ్లుగా తన వంటింటిలో ఈ నీటి బిగువునే పరీక్షించుచుండెను. ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో వెనిస్ నగరమున జన్మించెను. భౌతికశాస్త్రమన్న ఆమెకు ప్రాణము. కాని ఆ కాలమున అక్కడి విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనెడివి కావు. తమ్ముడు ఫ్రీడ్రిష్ గొట్టింగెన్‌లో చదువుచు పుస్తకములు పంపుచుండెను. అక్క జబ్బుపడిన తల్లిదండ్రులకు పరిచర్య చేయుచు, గిన్నెలు కడుగుచు, తీరిక చిక్కినపుడు వానిని చదువుకొనుచుండెను.

జిడ్డు గిన్నెలు కడిగిన నీటి తీరు మారుట ఎందరు చూడలేదు! ఆమె దానిని కొలిచెను. 70 సెంటీమీటరుల పొడవుగల రేకు తొట్టిని అంచువరకు నీటితో నింపి, అడ్డముగా ఒక రేకు పట్టీని ఉంచెను. పట్టీని జరిపినచో ఒకవైపు నీటి పైతలము తగ్గి, రెండవవైపు పెరుగును. త్రాసునకు వ్రేలాడదీసిన చిన్న బిళ్లను నీటినుండి పైకి లాగుటకు ఎంత బరువు కావలెనో చూచి బిగువును నిర్ణయించెను. జిడ్డు పొరను కొంతమేర కుదించువరకు బిగువు దాదాపు మారదు. ఒక హద్దు దాటగానే వడిగా పడిపోవును. అణువులు ఒకదానినొకటి ఒరసికొనుచు కిక్కిరియు హద్దు అదియేయని తరువాతివారు గ్రహించిరి.

1891 జనవరిలో ఆమె రేలీకి జర్మను భాషలో జాబు వ్రాసెను. ఆయన భార్య దానిని ఇంగ్లీషులోనికి మార్చెను. పేరుమోసిన పండితుడు, ఎవరో తెలియని స్త్రీ వ్రాసిన జాబును ప్రక్కన పడవేసియుండవచ్చును. లేదా అందలి సారమును తన వ్యాసమున కలుపుకొనియుండవచ్చును. రేలీ అట్లు చేయలేదు. ‘నేచర్’ పత్రికకు పంపి ప్రకటింపుడని కోరెను. మార్చి 12న అది ఆమె పేరిటనే వెలువడెను.

ఆ తొట్టిని మెరుగుపరచి పరిశోధనలు సాగించిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమానము లభించెను. ఆ యేటనే బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాపీఠము పోకెల్స్‌కు గౌరవ డాక్టరు పట్టము ఒసగెను. అప్పటికి ఆమెకు డెబ్బది యేండ్లు.